హృదయోద్వేగాలు – ఆంగ్ల జాతీయాలు

ఆంగ్లభాషా ప్రశ్నపత్రంలో జాతీయాలకు దక్కే మార్కులు కొద్దివే. అయినా వాటిని చూసి భయపడినంతగా మన విద్యార్థులు వ్యాకరణాన్ని చూసి కూడ భయపడరు. వ్యాకరణానికి సూత్రమున్నది. జాతీయానికి సూత్రం లేదు. 'కోల్డ్ ఫీట్' అంటే పాదాలు చల్లబడటం కాదట, వెనుకంజ వేయడమట. 'గొంతులో ఉండ' అంటే దుఃఖమట. 'కడుపులో సీతాకోకచిలుకలు' అంటే ఆందోళనట. ఎందుకని అడిగితే గైడు పుస్తకంలో జవాబుండదు. ఒక ప్రక్క అర్థం, మరొక ప్రక్క సొంతవాక్యం అచ్చువేసి ఉంటాయి. ఆ 'సొంత' వాక్యం కూడ గైడు వ్రాసినవారిదే. రెండింటినీ కంఠస్థం చేసి, పరీక్ష హాలులో అప్పజెప్పి, బయటికి వచ్చి మరచిపోవడం ఆనవాయితీ అయిపోయింది.

ఈ పద్ధతి ఎక్కడైనా తప్పే. మన కళాశాలవంటి చోట మరీ తప్పని మేము భావిస్తున్నాము. ఇక్కడ ఒకే బెంచీపై తెలుగు ఇంటినుండి వచ్చిన విద్యార్థి, ఉర్దూ ఇంటినుండి వచ్చిన విద్యార్థి ప్రక్కప్రక్కన కూర్చుంటారు. ఇద్దరికీ ఆంగ్లం పరాయిదే. ఇద్దరూ తమ ఇంటి మాటను గేటు బయట వదిలి వస్తే తప్ప ఆంగ్లం రాదన్న అపోహలో ఉన్నారు. నిజానికి భయం, కోపం, దుఃఖం, సంతోషం కలిగినప్పుడు శరీరంలో జరిగే మార్పులను చెప్పే ఆంగ్ల జాతీయాలు మన పిల్లలకు అన్నిటికంటె సులభంగా రావలసినవి. ఎందుకనగా వాటి మూలం పుస్తకంలో లేదు, ఒంటిలో ఉన్నది. ఆ ఒంటి సంగతి మన రెండు భాషలూ ఎప్పుడో చెప్పి ఉన్నవి.

తెలుగు తరగతిలో రసప్రకరణం చెప్పే రోజున అధ్యాపకులు సాత్త్విక భావాలు ఎనిమిదని వ్రాయిస్తారు. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభంగము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. భరతుని నాట్యశాస్త్రంలోని పట్టిక ఇది. నటుడు ఉద్వేగాన్ని మనసారా అనుభవిస్తే తప్ప పైకి తేలేని దేహవికారాలన్నమాట. గంట మ్రోగుతుంది, ఆంగ్ల అధ్యాపకులు వస్తారు, మరొక పట్టిక మొదలవుతుంది. 'రూటెడ్ టు ది స్పాట్' అన్నారా, అది స్తంభము. 'కోల్డ్ స్వెట్' స్వేదము. 'గూస్‌బంప్స్' రోమాంచము. గొంతులో ఉండ అన్నది స్వరభంగానికి ముందుమెట్టు. ఆకువలె వణకడం వేపథువు. దుప్పటివలె తెల్లబడటం వైవర్ణ్యము. కన్నీరు సరే సరి. మూర్ఛపోవడం ప్రళయము. ఎనిమిదింటికి ఎనిమిదీ ఉన్నవి. అయితే రెండు తరగతులకు నడుమ ఉన్నది ఒక్క గంటే అయినా, ఆ రెండు పట్టికలను ఒకదానిప్రక్క ఒకటి పెట్టి చూపినవారు అరుదు. విద్యార్థి రెండింటినీ విడివిడిగా బట్టీపట్టి, రెండింటినీ విడివిడిగా మరచిపోతున్నాడు.

ఈ పోలిక కాకతాళీయం కాదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో బాధ, ఆకలి, భయం, క్రోధం కలిగినప్పుడు దేహంలో జరిగే మార్పులను వివరించాడు. ఆపద ఎదురైనప్పుడు ప్రాణి ముందున్నవి రెండే దారులు: తిరగబడి పోరాడటం, లేదా పారిపోవడం. రెండింటికీ కండరాలకు బలం కావాలి. మూత్రపిండాల పైభాగాన ఉన్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది. చర్మంలోను, జీర్ణకోశంలోను రక్తనాళాలు ముడుచుకొని ఆ రక్తం పెద్ద కండరాలకు మళ్ళుతుంది. చెమట పడుతుంది. నోటిలో లాలాజలం తగ్గుతుంది. వెంట్రుకల మొదళ్ళలోని సన్నని కండరాలు బిగుసుకొని రోమాలు నిలబడతాయి. ఇంతే సంగతి. దీనిని పట్టుకొని జాతీయాలవైపు చూస్తే ప్రతి దానికీ ఒక కారణం కనబడుతుంది. చర్మానికి రక్తం తగ్గితే చేతులు, కాళ్ళు చల్లబడతాయి, ముఖం పాలిపోతుంది. కడుపుకు రక్తం తగ్గితే అక్కడ ఏదో కదలాడినట్లుంటుంది. సీతాకోకచిలుకలని ఆంగ్లేయుడు అన్నది దానినే.

ఒక్క ఉదాహరణ చాలు, మా వాదం తేలడానికి. హఠాత్తుగా భయపడిన మనిషిని గూర్చి తెలుగులో 'ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు' అంటాము. ఉర్దూ ఇంటిలో అదే మనిషిని గూర్చి 'కాటో తో ఖూన్ నహీఁ' అంటారు. కోసినా రక్తం రాదని. రెండు వాక్యాలకూ తేడా ఏమున్నది? తెలుగులో కత్తి పైకి కనబడుతున్నది, ఉర్దూలో కోయడం మాత్రమే చెప్పి కత్తిని దాచారు. దక్కను గడ్డపై శతాబ్దాలుగా ఇరుగుపొరుగున బ్రతికిన రెండు భాషలలో ఎవరినుండి ఎవరు తీసుకొన్నారో తేల్చే పని పండితులకు వదిలివేద్దాము. ఆంగ్లేయుడు ముఖం నుండి రక్తం ఇంకిపోయిందని, రక్తం చల్లబడిపోయిందని అంటాడు. చర్మపు రక్తనాళాలు ముడుచుకుంటాయని కానన్ ఋజువు చూపేందుకు ఎంతో ముందుగా, పల్లెలోని అవ్వ, పాతబస్తీలోని దాదీమా, లండనులోని దాది ఆ సంగతిని చూచి చెప్పినవారే. ముగ్గురికీ పరీక్షనాళికలు లేవు. ఎదుటి మనిషి ముఖం మాత్రం ఉన్నది.

నోరు ఎండిపోవడాన్ని గూర్చి కొంత విస్తారంగా చెప్పవలసి ఉన్నది, ఇది కేవలం భాషకు సంబంధించిన విషయం కాదు గనుక. తెలుగులో 'నాలుక పిడచగట్టుకుపోయింది' అంటాము. ఉర్దూలో 'హలక్ ఖుష్క్ హో గయా'. ఆంగ్లంలో నాలుకకు ముడిపడిందంటారు. ఈ దేహధర్మాన్ని పూర్వకాలంలో మన దేశంలోనే ఒక న్యాయపరీక్షగా వాడుకొన్నారు. ధర్మశాస్త్రాలు చెప్పిన దివ్యాలలో తండుల దివ్యమని ఒకటి కలదు. దొంగతనం మోపబడినవానిచేత బియ్యం నమిలించి ఆకుపై ఉమ్మించేవారు. బియ్యం పొడిగా వస్తే దోషి. కానన్ తన గ్రంథంలో ఈ ఆచారాన్ని ప్రస్తావించాడు. భయానికి లాలాజలం తగ్గుతుందన్నది నిజమే. కాని దోషికే భయం ఉంటుందని ఎవరన్నారు? నిర్దోషి అయిన పేదవాడు పదిమంది పెద్దల నడుమ నిలబడి గుప్పెడు బియ్యం నోట వేసుకొన్నప్పుడు వాని నాలుక తడిగా ఉంటుందా? గుండె నిబ్బరం గల గజదొంగ హాయిగా నమిలి ఉమ్మి ఇంటికి పోయి ఉంటాడు.

ఆ పరీక్ష పోయిందని మనం అనుకుంటున్నాము. ఉద్యోగపు ఇంటర్వ్యూ గదిలో, వైవా పరీక్షలో అది మరొక రూపంలో నడుస్తూనే ఉన్నది. తెలుగు మాధ్యమంలోనో, ఉర్దూ మాధ్యమంలోనో చదివి వచ్చిన పిల్లవాడు ఆంగ్లంలో అడిగిన మొదటి ప్రశ్నకు నీళ్ళు నములుతాడు. చేతులు వణకుతాయి, ముచ్చెమటలు పోస్తాయి. ఎదుట కూర్చున్నవారు 'విషయం రాదు' అని వ్రాసుకుంటారు. విషయం వచ్చును. నోట తడి లేదు. ఈ భేదం తెలియని పరీక్షకులు బియ్యం నమిలించిన పెద్దలకంటె ఎంత ముందుకు వచ్చినట్లు? తన నాలుక ఎండడం అజ్ఞానానికి గుర్తు కాదని, ఆక్స్‌ఫర్డులో చదివినవానికి కూడ నాలుకకు ముడిపడుతుందని, దానికొక మాట వారి భాషలో సిద్ధంగా ఉన్నదని పిల్లవానికి తెలిస్తే కొంత ధైర్యం కలుగుతుంది. జాతీయాలు నేర్పడంలో మాకు కనబడుతున్న మొదటి ప్రయోజనం ఇదే. మార్కులు తరువాతి మాట.

ఇంతమాత్రాన మూడు భాషలూ అన్నిటా ఒక్కటేనని మేము అనడం లేదు. దేహం ఒకటే గాని, ఏ ఉద్వేగాన్ని ఏ అవయవానికి అప్పగించాలో ప్రతి భాషా తన ఇష్టప్రకారం నిర్ణయించుకొన్నది. ఉర్దూవారు గుండెకు ఇచ్చిన గౌరవాన్ని కాలేయానికి కూడ ఇచ్చారు. 'జిగర్' ధైర్యానికి, ప్రేమకు నిలయం. ప్రాణం గొంతులోకి వచ్చినప్పుడు వారికి నోటిదాకా వచ్చేది 'కలేజా'. ఆంగ్లేయునికి అదే సమయంలో నోటిలోకి వచ్చేది గుండె. కలేజా అన్న మాటను తెలుగువారు కూడ ఖలేజా చేసుకొని సాహసమనే అర్థంలో వాడుకొంటున్నారు. 2010లో ఆ పేరుతో తెలుగు చలనచిత్రమే వచ్చింది. ఇక ఆంగ్లేయుడు కాలేయాన్ని పూర్తిగా వదలివేశాడా అంటే, షేక్స్పియర్ కాలంలో వదలలేదు. 'మాక్బెత్' నాటకంలో పిరికివానిని తెల్లకలువవంటి కాలేయం గలవాడని నిందించడం కనబడుతుంది. రక్తం లేని కాలేయమన్నమాట, అంటే జిగర్ లేనివాడు. మన ఉర్దూ విద్యార్థి ఆ మాటను పాదసూచిక చూడకుండానే అర్థం చేసుకోగలడు. మరి ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారు?

దీని వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. గ్రీకు వైద్యంలో దేహాన్ని నడిపేవి నాలుగు ధాతువులు: రక్తము, శ్లేష్మము, పచ్చపిత్తము, నల్లపిత్తము. ఆ వైద్యమే అరబ్బుల చేతిలో పెరిగి యునానీ అయింది. ఇబ్న్ సీనా రచించిన 'ఖానూన్' 12వ శతాబ్దంలో లాటినులోకి వెళ్ళి ఐరోపా విశ్వవిద్యాలయాలలో శతాబ్దాలపాటు పాఠ్యగ్రంథంగా నిలిచింది. చార్మినారు ప్రక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాలలో నేటికీ చెప్పే 'సౌదా' అన్న మాటా, ఆంగ్ల కవులు పలవరించిన 'మెలాంకలీ' అన్న మాటా ఒకటే. రెండింటికీ అర్థం నల్లపిత్తం. ఉర్దూలో ప్రేమోన్మాదిని సౌదాయీ అనడం అందువల్లనే. ఆంగ్లం మనకు పూర్తిగా పరాయిదని అనుకునేవారు ఈ ఒక్క మాట చుట్టూ తిరిగి రావలసినది.

తెలుగువాడు మాత్రం కడుపును నమ్ముకొన్నాడు. జాలి వేస్తే కడుపు తరుక్కుపోతుంది. అన్యాయం చూస్తే కడుపు మండుతుంది. ఇతరుల తప్పును క్షమిస్తే కడుపులో పెట్టుకొన్నట్లు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిది కడుపుకోత. ఈ చివరి మాటకు ఆంగ్లంలో సరిపోలే ఒక్క మాట మాకు దొరకలేదు, దొరుకుతుందన్న ఆశ కూడ లేదు. కోపం వస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆంగ్లేయుని కోపం కాలరు క్రింద వేడెక్కుతుంది. కాలరు తొడుక్కొన్నవానికి అక్కడ, ఎండలో వట్టికాళ్ళతో నడిచినవానికి ఇక్కడ మొదలవుతుందేమోనని మాకు నవ్వులాటగా తోస్తుంది.

నవ్వులాట ప్రక్కన పెడితే, చలి, వేడిమి విషయంలో మన విద్యార్థులు నిజంగానే చిక్కుల్లో పడుతున్నారు. చలిదేశపు భాషలో వెచ్చదనం మంచిది. వెచ్చని హృదయం, వెచ్చని స్వాగతం వారికి ప్రశంసలు. చల్లని హృదయమంటే నిర్దయ. మనకు తలక్రిందులు. 'చల్లని తల్లి', 'చల్లని చూపు', 'నీ కడుపు చల్లగా ఉండ' అన్నవి మన దీవెనలు. ఉర్దూలో కూడ తృప్తి కలిగితే 'కలేజా ఠండా' అవుతుంది. అయితే ఉర్దూవారు స్వాగతం పలికేటప్పుడు 'గర్మ్‌జోషీ' అన్న పారసీక పదాన్ని తీసుకొంటారు. ఇరాను పీఠభూమి చలి ఆ మాటలో మిగిలి ఉన్నదని మా ఊహ. ఒకే ఉర్దూలో ఇంటి ఠండా, బయటి గర్మీ రెండూ కలసి కాపురం చేస్తున్నవి. ఇది తెలియక తల్లిని గూర్చి ఆంగ్లవ్యాసం వ్రాస్తూ ఆమెది చల్లని గుండె అని మాటకు మాట దించినవాడు, పాపం, ఆమెను దయలేనిదానిగా చేసివేస్తాడు. అదే విధంగా 'కోల్డ్ ఫీట్' అన్నది చూసి 'కాళ్ళు చల్లబడ్డవి' అని తెలుగు చేస్తే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. మనకు కాళ్ళు, చేతులు చల్లబడటం ప్రాణం పోయే వేళ సూచన. ఆంగ్లంలో పెళ్ళికి ముందురోజున వరుడు మనసు మార్చుకోవడానికి కూడ ఆ మాట చాలు.

ఈ సందర్భంలో ఇటీవలి తెలుగు రచనలలో, చలనచిత్రాలలో కనిపిస్తున్న ఒక పోకడను మేము హర్షించలేకపోతున్నాము. 'కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి' అని తెలుగు నాయిక పలుకుతున్నది. తెలుగు కడుపులో అవి ఎన్నడూ ఎగురలేదు. మనకు 'గుండెల్లో రైళ్ళు పరుగెత్తడం' ఉన్నది. మన దేశానికి రైలు వచ్చినది 19వ శతాబ్దపు నడుమ, సికింద్రాబాదుకు వచ్చినది 1874లో. కనుక ఈ పలుకుబడి అంతకంటె పాతది కానేరదు. పట్టాలపై ఇనుపచక్రాల దడదడ విన్న సామాన్యులెవరో, తమ గుండె దడను దానితో పోల్చుకొని ఉంటారు. కొత్తగా వచ్చిన యంత్రాన్ని చూచి కూడ సొంత మాట పుట్టించుకొన్న జాతి, ఈనాడు పరాయి పురుగును తెచ్చి కడుపులో పెట్టుకోవలసిన అవసరమేమి? భాషలు ఇచ్చిపుచ్చుకోవడం మంచిదే. ఖలేజాను మెచ్చుకొన్నవారము ఆ మాట కాదనలేము. కాని ఖలేజా ఇరుగుపొరుగు స్నేహంతో నోటినుండి నోటికి వచ్చింది. సీతాకోకచిలుక అనువాదపు తొందరలో వచ్చింది.

మన భాష ఎక్కువ చెప్పగలిగిన చోట కూడ విద్యార్థి తన సొత్తును చూచుకోవడం లేదు. ఆంగ్లేయుడు ఈకలు పెరికిన బాతు చర్మాన్ని చూచి 'గూస్‌బంప్స్' అన్నాడు. జర్మనువారు కూడ బాతునే, ఫ్రెంచివారు కోడిని పట్టుకొన్నారు. భయానికైనా, సంగీతం విన్న ఆనందానికైనా వారికి అదే మాట. తెలుగులో ఆనందానికి పులకింత, భీతికి గగుర్పాటు, జుగుప్సకు జలదరింపు. శరీరంలో లేచేవి అవే వెంట్రుకలు. వాటి వెనుకనున్న మనసును మూడుగా విడదీసి చూచినది మన భాష. ఆంగ్లంలోకి దించేటప్పుడు ఏది పోతున్నదో తెలిసినవాడే మంచి అనువాదకుడు కాగలడు.

ఇదంతా సాహిత్యపు ముచ్చట మాత్రమే కదా అనుకొనేవారు ఒక్కసారి ఆసుపత్రి వరండాలో నిలబడాలి. మన విద్యార్థులలో నర్సులుగా, ప్రయోగశాల సహాయకులుగా, వైద్యులుగా వెళ్ళేవారున్నారు. రోగి ఆంగ్లంలో బాధపడడు. 'ఘబ్‌రాహట్ హో రహీ హై' అని ఒక వృద్ధురాలు అంటుంది. నిఘంటువులో దానికి ఆందోళన అని ఉన్నది. చీటీపై ఆందోళన అని వ్రాసి పంపివేస్తే, అది గుండె లయ తప్పడమో, అంతకంటె ప్రమాదమో కావచ్చును. 'కడుపు మంట' ఒకరికి ఆమ్లం, మరొకరికి ఆస్తి తగాదా. గుండె పగిలిందన్న మాటను కేవలం అలంకారమని కొట్టివేయడానికి కూడ ఇప్పుడు వీలులేదు. 1990లో జపాను వైద్యులు వర్ణించిన ఒక వ్యాధిలో, తీవ్రమైన దుఃఖమో భయమో కలిగిన తరువాత గుండె ఎడమ జఠరిక ఉబ్బి, వారి జాలరులు ఆక్టోపసును పట్టే కుండ ఆకారంలోకి మారుతుంది. ఆ కుండ పేరే, టాకోట్సుబో, వ్యాధికి పేరైంది. నడివయసు దాటిన స్త్రీలలో ఎక్కువ. చాలమంది కొన్ని వారాలలో కోలుకుంటారు. అది గుండెపోటువలెనే కనబడుతుంది గనుక, బిడ్డ పోయిన వార్త విని గుండె పట్టుకొని కూలిన తల్లి విషయంలో 'ఏడుపువల్లలే' అని ఊరుకోవడానికి వీలులేదు.

ఫిన్లాండు పరిశోధకులు 2013లో ప్రకటించిన ఒక అధ్యయనంలో ఫిన్లాండు, స్వీడను, తైవాను దేశాలకు చెందిన 701 మందికి మానవాకృతి బొమ్మలిచ్చి, ఏ ఉద్వేగం దేహంలో ఎక్కడ తెలుస్తున్నదో రంగులతో గుర్తించమన్నారు. భాషలు వేరైనా బొమ్మలు చాలవరకు ఒకే తీరున వచ్చినవి. కోపంలో పైదేహం, చేతులు వేడెక్కినవి. విషాదంలో కాళ్ళు, చేతులు సత్తువ లేనివిగా కనబడినవి. సంతోషం ఒళ్ళంతా ప్రాకింది. 'ఒళ్ళంతా సంతోషం' అన్నది మన ఇళ్ళలోనూ విన్నదే.

ఆంగ్ల తరగతిలో మాతృభాష వినబడితే ఆంగ్లం రాదని వాదించే అధ్యాపకులున్నారు. వారి ఆందోళనలో కొంత న్యాయమున్నది. ప్రతి వాక్యాన్నీ అనువదించి చెప్పే బోధన విద్యార్థిని ఊతకర్రకు అలవాటు చేస్తుంది. కాని మేము కోరేది అనువాదం కాదు, పోలిక. ఒక జాతీయాన్ని నేర్పేటప్పుడు రెండు నిముషాలు ఆగి, 'ఇట్లా జరిగినప్పుడు మీ ఇంట్లో ఏమంటారు?' అని అడగడం. ఆ ప్రశ్నకు వెనుక బెంచీలో కూర్చున్నవాడు కూడ జవాబు చెప్పగలడు. ఏడాది పొడవునా ఆంగ్ల తరగతిలో నోరు తెరవని పిల్ల తన అమ్మమ్మ మాటను చెప్పడానికి లేస్తుంది. ప్రక్కనున్న ఉర్దూ స్నేహితురాలు తన మాట చెబుతుంది. ఆ రెండింటి నడుమకు ఆంగ్ల జాతీయం వచ్చి కూర్చుంటే ఇక దానిని మరచిపోవడం కష్టం.

ఇందుకు నిధులక్కరలేదు, పై అధికారుల అనుమతి అక్కరలేదు. గ్రంథాలయపు మెట్ల దగ్గరనున్న గోడపత్రికలో ఒక పుట చాలును. మూడు గడులు గీసి, తెలుగు, ఉర్దూ, ఆంగ్లం అని పైన వ్రాసి, వారానికొక దేహవికారాన్ని ఇచ్చి విద్యార్థులచేతనే నింపించవచ్చును. ఉర్దూ గడిని ఉర్దూ లిపిలోనే వ్రాయాలి, తెలుగు పిల్లలకు ఆ అక్షరాలు కూడ కొంత కంటికి అలవాటవుతాయి. సరిపోలే మాట లేని చోట గడిని ఖాళీగా వదిలివేయాలి, బలవంతంగా నింపరాదు. మొదటి వారానికి ముఖాన నెత్తురు చుక్క లేకపోవడాన్ని, రెండవ వారానికి నాలుక ఎండిపోవడాన్ని తీసుకొనవచ్చును. కడుపుకోత వచ్చిన వారంలో ఆంగ్లపు గడి ఎట్లున్నా, ఉర్దూ గడిలో ఏమి వ్రాస్తారో తెలుసుకోవాలని మాకు కుతూహలంగా ఉన్నది.